పల్లె అప్పును లెక్కగట్టినవారు

గ్రామాభివృద్ధి అనే మాట బ్యాంకు ఉద్యోగికి కొత్త కాదు. మా ఫైళ్ళలో దానికి ప్రత్యేకంగా ఒక రంగు అట్ట కూడా ఉంటుంది. నేను కామర్సు పట్టభద్రుణ్ణి. జమాఖర్చులు సరిచూడటం నేర్చుకున్నానే గాని చరిత్ర పాఠం చదువుకున్నవాణ్ణి కాను. అయితే ముప్పై ఏళ్ళుగా కర్ణాటక సరిహద్దు పల్లెల్లో అప్పులిచ్చి, వసూలు చేసి, మళ్ళీ ఇస్తూ ఉండటంవల్ల ఒక కుతూహలం పుట్టింది. పల్లెవాడి అప్పును మొదట ఎవరు లెక్కగట్టారు? ఎందుకు గట్టారు? ఆ లెక్క చూసుకుని ఏం చేశారు? సెలవు దినాల్లో గ్రంథాలయాలకు పోయి పాత నివేదికలు తిరగేశాను. అక్కడ తెలుసుకున్న సంగతులు కొన్ని మన పాఠకుల ముందు పెడుతున్నాను.

మనకు వీటితో పని ఏమిటని అనుకోవద్దు. ఈ విచారణల్లో పేరెన్నికగన్నవి చాలావరకు ఆంధ్ర జిల్లాల బయట, మన పెద్దలు తరాలుగా స్థిరపడిన నేలల మీదే జరిగాయి. పూనా, షోలాపూరు, తమిళ జిల్లాలు, మైసూరు సీమ - వీటిల్లో మన ఇళ్ళు లేనిది ఏది? మరొక సంగతి. ఈ మంచి విచారణలన్నీ కలిపి చదివితే రెండు మాటలు తేలతాయి. పల్లెకు న్యాయమైన వడ్డీకి డబ్బు అందటం లేదన్నది ఒకటి. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకరినొకరు ఎరిగి ఉంటే తప్ప ఆ డబ్బు నిలవదన్నది రెండోది. మొదటి మాటను ప్రభుత్వాలు ఆలస్యంగానైనా విన్నాయి. రెండోది మాత్రం పదేపదే జారిపోయింది.

తగలబడిన దస్తావేజులు

ఊరూరా తిరిగి వివరం అడిగి రాసుకోవటం మన దేశంలో కొత్త పద్ధతి కాదు. కల్నల్ మెకంజీ మైసూరు సీమను సర్వే చేసిన కాలంలో, అంటే రెండు వందల ఏళ్ళ కిందట, ఆయనకు కుడిభుజాలుగా ఉన్నవారు తెలుగువారైన కావలి సోదరులు. వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య తెలుగు పల్లెల్లోనే కాక కన్నడ, తమిళ సీమల్లోనూ సమాచారం సేకరించే పనిలో ఉన్నారు. కరణాల దగ్గరా, పెద్దల దగ్గరా అడిగి రాయించిన కైఫీయత్తులు ఈనాటికీ చరిత్రకారులకు ఆధారం. కానీ వాటి దృష్టి ఎక్కువగా రాజవంశాల మీద, గుళ్ళ మీద, చెరువుల మీద, మాన్యాల మీద ఉండేది. రైతు బాకీ సర్కారు కంట బాగా పడింది దస్తావేజులు తగలబడినప్పుడు.

1875 మే 12న పూనా జిల్లా సూపే గ్రామంలో రైతులు సాహుకార్ల ఇళ్ళమీద పడ్డారు. వారు ముఖ్యంగా అడిగింది ఖాతా పుస్తకాలూ, బాకీ పత్రాలూ. వాటిని కుప్పవేసి నిప్పు పెట్టారు. ఆ గొడవ పూనా, అహమద్‌నగర్ జిల్లాల పల్లెలకు పాకింది. దాని వెనక ఒక వరస ఉంది. 1861-65 మధ్య అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి, అక్కడి పత్తి ఇంగ్లండుకు రావటం ఆగిపోయింది. మన దక్కను పత్తికి ధర వచ్చింది. సాహుకార్లు అడిగినవాడికల్లా అప్పిచ్చారు. యుద్ధం ముగియగానే ధర పడిపోయింది. అదే కాలంలో సర్కారు భూమి శిస్తు పెంచింది. శిస్తు కట్టటానికి అప్పు కావలసి వచ్చినప్పుడు సాహుకారు చేయి ముడుచుకున్నాడు.

ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ముందు రైతులు చెప్పుకున్నది వడ్డీ బాధ ఒక్కటే కాదు. చదువు రానివాడి చేత వేలిముద్ర వేయించుకున్న కాగితంలో ఏముందో అతనికి తెలియదు. కట్టినదానికి రసీదు లేదు. కోర్టుకు వెళితే కాగితం చెప్పిందే చెల్లుబాటు. 1879లో వచ్చిన దక్కను వ్యవసాయదారుల రక్షణ చట్టం ఈ లోపాలను పట్టుకోబోయింది. కాగితం వెనక అసలు జరిగిన లావాదేవీ ఏమిటో విచారించే అధికారం కోర్టుకు ఇచ్చింది. మంచి చట్టమే. కాని సాహుకార్లు దానికి మందు కనిపెట్టారు. తాకట్టు బదులు అమ్మకం పత్రమే రాయించుకోవటం మొదలుపెట్టారు. అప్పిచ్చేవాడి చేతికి చట్టం సంకెళ్ళు వేయగలదు. అది తానే వెళ్ళి విత్తనాలకు రూపాయి ఇవ్వలేదు కదా!

మద్రాసులో ఒక కలెక్టరు

ఆ రూపాయి ఎవరివ్వాలి అనే ప్రశ్నకు జవాబు వెతికినవాడు మద్రాసు సర్వీసులోని ఫ్రెడరిక్ నికల్సన్. వ్యవసాయ బ్యాంకులు పెట్టవచ్చునా అని పరిశీలించమని మద్రాసు ప్రభుత్వం ఆయనను నియమించింది. ఆయన నివేదిక రెండు సంపుటాలుగా 1895లోనూ, 1897లోనూ వచ్చింది. అప్పటి మద్రాసు రాజధానిలో గంజాం నుంచి తిరునెల్వేలి దాకా, బళ్ళారి నుంచి మలబారు దాకా ఉన్నాయి. అంచేత ఈనాడు నాలుగైదు రాష్ట్రాల్లో చెదిరి ఉన్న మన పూర్వీకుల సమస్య ఆ ఒక్క నివేదికలోనే ఉందని చెప్పవచ్చు.

నికల్సన్ చెప్పిన ముఖ్య విషయాన్ని నా మాటల్లో చెబుతాను. సేద్యగాడు అప్పు చేయటం ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా ఉన్నదే. దున్నిననాడు ఖర్చు, కోసిననాడు రాబడి. ఈ మధ్య కాలాన్ని ఎవరో ఒకరు దాటించాలి. కాబట్టి అప్పును దుర్గుణంగా చూసి ఉపన్యాసాలివ్వటం వల్ల లాభం లేదు. ఆ అప్పు ఎలాంటి చేతి నుంచి వస్తుందన్నదే చూడవలసినది. ఆయన యూరపు దేశాల పద్ధతులన్నీ పరిశీలించాడు. మన దక్షిణాదిలో జనం తమంతట తామే పెట్టుకున్న నిధులనూ శ్రద్ధగా చూశాడు. చివరికి జర్మనీ దేశపు రైఫైజన్ దగ్గర ఆగాడు. రైఫైజన్‌లాంటి మనిషిని వెతకండి అన్నదే ఆయన సలహా సారాంశం.

ఫ్రీడ్రిక్ విల్హెల్మ్ రైఫైజన్ (1818-1888) చిన్న చిన్న పల్లెలకు మేయరుగా పనిచేసినవాడు. ఆయన సంఘం నడిచే తీరు బ్యాంకు మనిషిగా నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. ఒక సంఘానికి ఒక్క పల్లె, మహా అయితే పక్కపక్క పల్లెలు రెండు. సభ్యులందరికీ అపరిమిత బాధ్యత. అంటే ఒకడు ఎగవేస్తే మిగిలినవారి ఆస్తి కూడా జవాబు చెప్పాలి. కార్యవర్గానికి జీతం లేదు. లెక్కలు రాసేవాడికి మాత్రమే కొంత ముట్టజెబుతారు. అప్పు ఎందుకు తీసుకున్నాడో ఆ పనికే ఖర్చు పెట్టాడా లేదా అని చూస్తారు. ఇదంతా నీతి కోసం పెట్టినది కాదు. ఒకే ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఎవడు ఎద్దు కొన్నాడో, ఎవడు కొంటానని చెప్పి కొనలేదో తెలుస్తుంది. మా బ్యాంకులు వేలకు వేలు ఖర్చుపెట్టి సంపాదించే సమాచారం వాళ్ళకు రచ్చబండ దగ్గర ఉచితంగా దొరుకుతుంది. సంఘం చిన్నదిగా ఉండాలన్న నియమానికి మూలం ఇదీ.

1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. ఆ ఏడే చెంగల్పట్టు జిల్లా తిరూరులో వ్యవసాయ పరపతి సంఘం రిజిస్టరయింది. ఆ గ్రామం ఇప్పుడు తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. మరుసటి ఏడు గదగ్ దగ్గరి కణగినహాళలో సిద్దనగౌడ పాటిల్ ప్రోద్బలంతో మరొకటి వెలసింది. తమిళనాడులోనూ, కర్ణాటకలోనూ ఉన్న మన పాఠకులు ఈ రెండు ఊళ్ళ పేర్లు గుర్తుంచుకోవాలి. తరవాత సంఘాల సంఖ్య పెరిగింది. సంఖ్యను చూసి సంతోషపడేవారూ పెరిగారు. 1915లో నివేదిక ఇచ్చిన మెక్లగన్ సంఘం మాత్రం సభ్యులకు సహకార సూత్రం తెలియకుండా సంఘాలు పెట్టుకుంటూ పోతే పేరు తప్ప ఏమీ మిగలదని హెచ్చరించింది.

ఊళ్ళోకి వెళ్ళినవారు

ఈ లోపల మరో రకం పరిశోధన మొదలైంది. కచేరీలో కూర్చుని సాక్ష్యాలు వినటం కాక, ఒక ఊరిని తీసుకుని గడపగడపా తిరగటం. పూనా వ్యవసాయ కళాశాల అధ్యక్షుడు హెరాల్డ్ మాన్ తన మిత్రులతో కలిసి పింప్ళా సౌదాగర్ అనే ఊరిని చదివి 1917లో పుస్తకం వేశాడు. 1771లో ఆ ఊళ్ళో సగటు కమతం 40 ఎకరాలు. 1914-15 నాటికి అది 7 ఎకరాలకు దిగింది. 156 మంది యజమానుల భూమి 729 ముక్కలుగా ఉంది. అందులో 463 ముక్కలు ఎకరం కన్నా తక్కువ. ఈ లెక్క చూశాక రైతు సోమరితనం గురించి మాట్లాడే నోళ్ళు కొంత మూతపడ్డాయి. ఆ ఊరు ఇప్పుడు పింప్రి-చించ్‌వడ్ నగరపాలికలో కలిసిపోయి అంతస్తుల మేడలతో నిండిపోయింది. మాన్ పుస్తకంలోని పొలాలు ఇక పుస్తకంలోనే చూడాలి.

అదే రోజుల్లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అర్థశాస్త్ర ఆచార్యుడుగా వచ్చిన గిల్బర్ట్ స్లేటర్ ఒక చక్కని పని చేశాడు. తన విద్యార్థులను సెలవుల్లో వారి వారి సొంత ఊళ్ళకే ప్రశ్నావళి ఇచ్చి పంపాడు. ఎవడి ఊరు వాడు రాసుకు రావాలి. ఆ వివరాలు 1918లో పుస్తకంగా వచ్చాయి. ఇరువేల్‌పట్టు, వడమలైపురం, గంగైకొండాన్, పాలకుర్చి, దూసి వంటి పల్లెలు అర్థశాస్త్రంలో చిరునామాలైపోయాయి. 1936-37లో పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ మళ్ళీ స్లేటరు పల్లెలకు వెళ్ళారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా పరిశోధకులు వాటిలో కొన్నిటికి పదేపదే వెళుతూనే ఉన్నారు. ఒకసారి చూస్తే ఊరి ఫోటో దొరుకుతుంది. ఇరవై ఏళ్ళకొకసారి వెళితే భూమి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో, కూలి ఎంత మారిందో, పట్నానికి ఎవరు తరలిపోయారో తెలుస్తుంది.

వంద రూపాయల్లో మూడు

స్వాతంత్ర్యం వచ్చిన నాలుగేళ్ళకు రిజర్వు బ్యాంకు అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే జరిపించింది. గోర్వాలా అధ్యక్షుడు, గాడ్గిల్, వెంకటప్పయ్య, ఎన్.ఎస్.ఆర్. శాస్త్రి సభ్యులు. 75 జిల్లాల్లో 600 పల్లెలు, లక్షా ఇరవై ఏడు వేల పైచిలుకు కుటుంబాలు. అంత పెద్ద విచారణ అంతకుముందు జరగలేదు. 1951-52 సంవత్సరానికి రైతు చేసిన అప్పు వంద రూపాయలనుకుంటే అందులో వడ్డీ వ్యాపారులు ఇచ్చింది 44.8, అప్పులిచ్చే మోతుబరి రైతులు 24.9, బంధువులు 14.2. ప్రభుత్వం 3.3. యాభై ఏళ్ళుగా నడుస్తున్న సహకార సంఘాలు 3.1. బ్యాంకులు ఒక రూపాయి కూడా లేదు - 0.9!

ఎందుకిలా జరిగిందో 1954లో వచ్చిన నివేదిక వివరించింది. మన తెలుగులో పరపతి అనే మాటకు రెండు అర్థాలున్నాయి: ఒకటి అప్పు పుట్టే శక్తి, రెండోది పలుకుబడి. నివేదిక సారాంశం ఆ ఒక్క మాటలో ఇమిడిపోతుంది. పలుకుబడి ఉన్నవాడే సంఘానికి అధ్యక్షుడు, వాడే వ్యాపారి, వాడే వడ్డీకిచ్చేవాడు. బలవంతుడినీ బలహీనుడినీ ఒకే సంఘంలో కూర్చోబెట్టి సమానమంటే సమానమైపోరు. కాబట్టి బలహీనుడి పక్షాన ప్రభుత్వం భాగస్వామిగా నిలబడాలని సంఘం సిఫారసు చేసింది. దాని ఫలితంగానే 1955 జులై 1న ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకుగా మారింది. 1969 జులై 19న 14 బ్యాంకుల జాతీయకరణ, 1975లో గ్రామీణ బ్యాంకులు, 1982లో నబార్డు అన్నీ అదే దారిలో వచ్చాయి.

ఈ దారి వృథా పోలేదని మొదట చెప్పుకోవాలి. సేద్యగాళ్ళ అప్పులో ప్రభుత్వం, సహకార సంఘాలు, బ్యాంకుల వాటా అంతా కలిపి 1951లో 7.3 శాతం. 1971కి 31.7, 1981కి 63.2. అప్పులిచ్చి పొట్టపోసుకునే వృత్తిలో ఉన్న నాకు ఇది గర్వపడదగిన అంకె. కాని అదే నివేదిక పెద్ద పెద్ద సంఘాలు పెట్టమనీ, అపరిమిత బాధ్యత తీసివేయమనీ కూడా చెప్పింది. చిన్న సంఘాలు ఆర్థికంగా నిలదొక్కుకోలేవన్నది దాని వాదం. అందులోనూ నిజం ఉంది. పల్లెలు కలిపి ఒక సంఘమయ్యేసరికి ఎద్దు కొన్నాడా లేదా అన్నది చూసే కళ్ళు పోయాయి. 1958లో జాతీయాభివృద్ధి మండలి మళ్ళీ పల్లె ప్రాతిపదికన సేవా సహకార సంఘాలు ఉండాలని తీర్మానించింది. అప్పటికే అలవాటు మారింది. డబ్బు పైనుంచి వచ్చేదయింది. ఎవరి డబ్బో తెలియనప్పుడు దానికి కాపలా కాసేవాడు ఎవడు? సంస్థల వాటా 1991లో 66.3కి చేరి, 2002 నాటికి 61.1కి దిగింది. ఆ దిగిన చోటుకు మళ్ళీ పాత చేతులే వచ్చాయి.

నాణెం ఎగరవేసిన పల్లెలు

1975లో హైదరాబాదు దగ్గరి ఇక్రిశాట్ సంస్థ ఆరు మెట్ట పల్లెలను ఎంచుకుని అధ్యయనం ప్రారంభించింది. మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లె, దోకూరు. షోలాపూరు జిల్లాలో శిరాపూర్, కల్మణ్. అకోలా జిల్లాలో కంజరా, కింఖేడ. షోలాపూరు మగ్గాల మీద మన పద్మశాలీలు తరాలుగా బతికిన సంగతి తెలిసిందే. ఆ పట్నం చుట్టూ ఉన్న జొన్న చేల కథ ఈ లెక్కల్లో ఉంది. ఊరికి 40 కుటుంబాలు. వివరాలు రాసేవాడు పల్లె నుంచి వచ్చిన పట్టభద్రుడే అయి ఉండాలి, ఆ ఊరి భాష మాట్లాడాలి, ఆ ఊళ్ళోనే కాపురం ఉండాలి. మూడు నాలుగు వారాలకొకసారి ప్రతి ఇంటికీ వెళ్ళి ఏమి విత్తారు, ఏమి అమ్మారు, ఎంత అప్పు తెచ్చారు అని అడగాలి. పదేళ్ళు అలా నడిచింది. 2001 తరవాత మళ్ళీ అందుకున్నారు.

అక్కడ పనిచేసిన హాన్స్ బిన్స్‌వాంగర్ అనే అర్థశాస్త్రజ్ఞుడు మహారాష్ట్ర, ఆంధ్ర పల్లెల్లో ఒక ప్రయోగం చేశాడు. పేద రైతు కొత్త ఎరువుకు, కొత్త విత్తనానికి జంకుతాడు, అతని స్వభావమే అంత అని అప్పట్లో అందరూ అనుకునేవారు. ఈయన నిజమైన డబ్బు పెట్టి నాణెం ఎగరవేయించాడు. రిస్కు లేకుండా ఇంత తీసుకుంటావా, లేక బొమ్మ పడితే ఎక్కువ, బొరుసు పడితే తక్కువ అనే పందెం తీసుకుంటావా? పెద్ద మొత్తాలు వచ్చేసరికి చాలామంది ఒక మోస్తరు జాగ్రత్తపరులుగానే తేలారు. ఆస్తి ఉన్నవాడికీ లేనివాడికీ స్వభావంలో పెద్ద తేడా కనిపించలేదు. 1980లో ఇది అచ్చయింది. చేనులో కనిపించే తేడాకు కారణం పేదవాడి పిరికితనం కాదు, అతనికి అప్పు పుట్టకపోవటం మొదలైన అడ్డంకులు అని దీని భావం. అప్పు దరఖాస్తులు పరిశీలించే ప్రతి అధికారి బల్ల మీదా ఈ సంగతి రాసి పెట్టాలి.

కర్ణాటకలో పుట్టిన పాఠం

రైఫైజన్ మాట మన దేశంలో మళ్ళీ ప్రాణం పోసుకున్నది కర్ణాటకలో. 1968లో టిబెట్టు శరణార్థుల పునరావాసానికి మొదలైన మైరాడా సంస్థ తరవాత పల్లెల్లో పని చేయసాగింది. 1984-85 ప్రాంతంలో వారు పెట్టించిన పెద్ద సహకార సంఘాలు కొన్ని చీలిపోయాయి. సభ్యులు చిన్న చిన్న గుంపులుగా వచ్చి, ఆ పెద్ద సంఘం అధ్యక్షుడి మీద మాకు నమ్మకం లేదు, మా బాకీ మీకే కడతాం అన్నారు. కట్టనక్కరలేదు, ఆ డబ్బు మీ గుంపులోనే తిప్పుకోండి అని సంస్థ చెప్పింది. అవే ఇరవై మందికి మించని స్వయం సహాయక సంఘాలకు బీజాలు. 1987లో నబార్డు వారికి 10 లక్షల రూపాయలు ఇచ్చింది. 1992లో దేశం మొత్తం మీద 500 సంఘాలను బ్యాంకులకు జోడించే ప్రయత్నం మొదలుపెట్టింది. అది ఎంత పెరిగిందో మనందరం చూస్తున్నదే.

మళ్ళీ అదే కథ. సంఖ్య పెరిగింది, లక్ష్యాలు వచ్చాయి. ప్రయివేటు సూక్ష్మరుణ కంపెనీలు గుంపులను వసూలు యంత్రాలుగా వాడుకున్నాయి. ఒకే మహిళ పేరు మీద నాలుగైదు చోట్ల అప్పులు పడ్డాయి. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా పోయింది. గుంపు అన్న ఆకారం తీసుకున్నారు, ఒకరినొకరు ఎరగటం అన్న ప్రాణం వదిలిపెట్టారు.

మా కోలారు పల్లెల్లో నేను చాలాసార్లు చూసిన ఒక విషయం ఇక్కడ చెప్పాలి. అప్పు ఫారంలో ఇతర బాకీల గడి ఒకటి ఉంటుంది. కన్నడంలో అడిగితే, తెలుగు మాట్లాడే ఆడమనిషి "సాల ఏమీ లేదు సార్" అంటుంది. గడిలో సున్నా పడుతుంది. అదే మనిషిని మన భాషలో "అక్కా, చేబదులు ఏమన్నా ఉందా? చీటీ పాడుకున్న బాకీ ఉందా? నగ ఎక్కడన్నా పెట్టినావా?" అని అడిగితే వేళ్ళు మడిచి లెక్క చెబుతుంది. ఒకావిడ నాతో అన్నది: "కాగితం రాస్తేనే గదా సార్ సాల. చేబదులు సాల ఎట్లయితుంది?" ఇది కన్నడం మీద నేరం కాదు. కన్నడంలోనూ చేబదులుకు కైగడ అనే చక్కని మాట ఉంది. ఫారం రాసినవారు ఆ మాటా వాడలేదు. పల్లెవాడి మాట ఎరగనివాడి లెక్క ఎంత చక్కగా కూడినా తప్పే వస్తుంది. ఇక్రిశాట్ వారు ఊరి భాష తెలిసినవాడినే పెట్టుకోవటంలోని వివేకం నాకు ఈ గడి దగ్గరే అర్థమయింది.

ఇతర రాష్ట్రాల్లో ఉన్న మన కుటుంబాలు సర్వేల్లో లెక్కకు వస్తాయి, కాని మన మాటల్లో రావు. హోసూరు పక్క తెలుగు రైతు తమిళ గడుల్లో, రాయగడ పక్క తెలుగు కూలీ ఒడియా గడుల్లో ఒదిగిపోవాలి. దీనికి ఎవరినో నిందించి లాభం లేదు. స్లేటర్ తన విద్యార్థులకు అప్పగించిన పని మన పిల్లలకు మనం అప్పగించవచ్చు. మీ ఇంటి పెట్టెల్లో పాత ప్రోనోట్లు, చీటీ పుస్తకాలు, ధాన్యం అప్పుల లెక్కలు ఉంటాయి. వాటిని తెరచి ఏ సంవత్సరంలో, ఏ పని కోసం, ఎంత వడ్డీకి, ఎవరి దగ్గర తెచ్చారో, ఎలా తీర్చారో రాయించండి. ఊళ్ళో ఆనాటి కూలి ఎంత, గింజల ధర ఎంత, భూమి ఎవరిది ఎవరికి పోయింది - పెద్దవాళ్ళు ఉండగానే అడిగి తేదీలతో రాసుకోండి. మనుషుల పేర్లు అచ్చులో రానక్కరలేదు, అంకెలు చాలు. అలా వచ్చిన ఒక్కొక్క ఊరి లెక్కను ఈ పత్రిక సంపాదకులు నెలకొకటి చొప్పున వేస్తారని ఆశిస్తున్నాను. మా ఊరి లెక్క నేను ఇప్పటికే రాయటం మొదలుపెట్టాను.